ప్రేక్షకుడే ప్రాశ్నికుడు

కావ్యం గ్రంథంలో నిలుస్తుంది. శిల్పం శిలలో నిలుస్తుంది. ప్రదర్శన కళకు అటువంటి శాశ్వతమైన ఆధారం లేదు. రాత్రంతా ఊరి జనాన్ని కూర్చోబెట్టిన నాటకం తెల్లవారేసరికి ముగుస్తుంది. పందిరి విప్పుతారు. హార్మోనియం పెట్టెలో చేరుతుంది. హరిశ్చంద్రుడు ముఖాన రంగు కడుక్కొని తన ఊరి బస్సు ఎక్కుతాడు. ఆ తరువాత ఆ నాటకం ఎక్కడ ఉన్నది? చూచినవారి మనస్సులో మాత్రమే ఉన్నది. వారు చెప్పితేనే, వ్రాస్తేనే అది రేపటివారికి అందుతుంది. ఈ కారణంగానే ప్రదర్శన సమీక్షకు మన సాహిత్యంలో ఒక ప్రత్యేక స్థానం ఏర్పడింది.

నెల్లూరు జిల్లా పడమటి భాగంలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలు మెట్ట సీమలు. ఒకవైపు వెలిగొండల వరుస, మరొకవైపు సోమశిల వద్ద కొండలను దాటి వచ్చే పెన్న. వానను నమ్ముకొన్న సేద్యం, పశువుల పెంపకం ఇక్కడి జీవనాధారాలు. పెద్ద నగరాలలో వలె ఏడాది పొడవునా ప్రదర్శనలు జరిగే మందిరాలు ఇక్కడ లేవు. తిరునాళ్ళు, శ్రీరామనవమి పందిళ్ళు, గ్రామదేవతల కొలువులే ఇక్కడి కళోత్సవాలు. అటువంటి ఉత్సవంలో సాయంకాలం కోలాటం, చెక్కభజన ఉంటాయి. ప్రొద్దు గుంకిన తరువాత హరికథగాని, బుర్రకథగాని మొదలవుతుంది. నడిరేయి దాటిన తరువాత పద్యనాటకం సాగుతుంది. ఒకే ప్రేక్షకుడు, ఒకే చాప, ఎన్నో కళలు! వీటన్నింటినీ ఒకే కొలమానంతో కొలవడం సాధ్యమా? సాధ్యం కాకపోతే ఏ కళను ఏ దృష్టితో చూడాలి? చూచినదాన్ని ఎట్లా వ్రాయాలి? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈ పాఠం ఉద్దేశం.

సమీక్ష అంటే ఏమిటి?

'ఈక్షణం' అంటే చూడటం. దానికి 'సమ్' అనే ఉపసర్గ చేరితే 'సమీక్ష' అవుతుంది. చక్కగా, సమగ్రంగా చూడటం అని దీని అర్థం. పొగడటం సమీక్ష కాదు, తెగడటమూ సమీక్ష కాదు. చూచినదాన్ని చూచినట్లు చెప్పి, అది ఎందుకు రాణించిందో, ఎక్కడ కుంటుపడిందో కారణంతో సహా వివరించడం సమీక్షకుని పని. కారణం లేని మెచ్చుకోలు కళాకారునికి ఉపయోగపడదు. కారణం లేని నింద అతనిని గాయపరుస్తుంది.

భరతముని చెప్పిన కొలమానాలు

ప్రదర్శనను పరీక్షించే పద్ధతి మనకు కొత్తది కాదు. భరతముని నాట్యశాస్త్రంలో ఇరువది ఏడవ అధ్యాయం పూర్తిగా ఈ విషయానికే కేటాయించబడింది. ప్రదర్శన సఫలం కావడాన్ని భరతుడు 'సిద్ధి' అన్నాడు. ఆ సిద్ధి రెండు విధాలు: మానుషి, దైవిక.

ప్రేక్షకులు చిరునవ్వు నవ్వడం, పెద్దగా నవ్వడం, 'సాధు' అనడం, 'అహో' అని ఆశ్చర్యపడటం, 'కష్టం' అని జాలిపడటం వంటివి మాటలతో, ధ్వనులతో తెలిసే మానుషి సిద్ధికి గుర్తులు. ఒడలు పులకరించడం, కూర్చున్నచోటి నుండి లేవడం, మెచ్చి వస్త్రాలు ఈయడం మొదలైనవి శరీర చేష్టలతో తెలిసే గుర్తులు. నేటి చప్పట్లు, ఈలలు, 'వన్స్‌మోర్' కేకలు, నటుని చొక్కాకు గుచ్చే నోట్లు ఈ కోవకే చెందుతాయి. ఇక దైవిక సిద్ధి ఇంకా ఉన్నతమైనది. రంగస్థలం ముందు జనం నిండుగా ఉండి, ఏ శబ్దమూ, ఏ అలజడీ, ఏ ఉత్పాతమూ లేకుండా ప్రదర్శన సాగితే అది దైవిక సిద్ధి. చప్పట్లకంటె నిశ్శబ్దం గొప్ప ప్రశంస అని భరతుడు గుర్తించాడన్నమాట. కాటిసీను జరుగుతున్నప్పుడు పల్లె జనం ఊపిరి బిగబట్టి కూర్చోవడం చూచినవారికి ఈ మాటలోని సత్యం సులభంగా బోధపడుతుంది.

ప్రదర్శనకు కలిగే విఘ్నాలను భరతుడు 'ఘాతాలు' అన్నాడు. గాలి, వాన, నిప్పు, పాములు మొదలైన వాటివలన కలిగేవి కొన్ని. గిట్టనివారు కేకలు వేయడం, మట్టి బెడ్డలు విసరడం వంటివి కొన్ని. నటుడు మాట మరచిపోవడం, ఒకరి మాట మరొకరు చెప్పడం, కిరీటమో, ఆభరణమో జారిపడటం వంటివి తన వలన తాను తెచ్చుకొనేవి. ఈ విభజన ఎంతో న్యాయమైనది. వాన వలన నాటకం చెడితే నింద నటునిది కాదు. పాఠం రాకపోవడం వలన చెడితే నింద వానది కాదు. ఏ లోపానికి ఎవరు బాధ్యులో తేల్చుకొన్న తరువాతనే మాట జారాలని దీని భావం.

ప్రదర్శనను పరీక్షించేవారిని భరతుడు 'ప్రాశ్నికులు' అని పిలిచాడు. వారు పలు రంగాలకు చెందినవారు. యజ్ఞకర్మ తెలిసినవాడు, నర్తకుడు, ఛందోవేత్త, వ్యాకరణవేత్త, రాజు, అస్త్రవిద్య నేర్చినవాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజసేవకుడు అనే పదిమందిని అతడు పేర్కొన్నాడు. దేహ సౌష్ఠవాన్ని విలుకాడు, వేషధారణను చిత్రకారుడు, స్వరతాళాలను గాయకుడు, శృంగారోపచారాలను వేశ్య, మర్యాదలను రాజసేవకుడు పరిశీలిస్తారు. ఎవరికి ఏది తెలుసునో వారు దానినే చెప్పాలి. గుణదోషాలను వ్రాసుకొనేవారు, లెక్కించేవారు కూడ ఉండాలి. పోటీలో గెలిచినవారికి 'పతాక' బహూకరించాలి. 1929లో తెనాలిలో ఆవిర్భవించిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు మొదలు నేటి నాటక పోటీల వరకు న్యాయనిర్ణేతలు, మార్కులు, బహుమతులు అనే పద్ధతి కనబడుతుంది. దాని మూలసూత్రం భరతుని నాటికే ఉన్నదని దీనివలన గ్రహించవచ్చు.

ప్రేక్షకులందరి అభిరుచీ ఒకటి కాదని కూడ భరతుడు ఎరుగును. యువకులు శృంగారాన్ని, శూరులు వీర రౌద్రాలను, వృద్ధులు పురాణగాథలను మెచ్చుతారని అతడు చెప్పాడు. పాత్ర సంతోషిస్తే సంతోషించి, దుఃఖిస్తే దుఃఖించగలవాడే ఉత్తమ ప్రేక్షకుడని నిర్ణయించాడు. సమీక్షకునికి పాండిత్యంకంటె ముందు కావలసినది ఈ సహృదయత.

తెలుగు కవులు చూచిన ఉత్సవాలు

శాస్త్రం అట్లా ఉండగా, తెలుగు కవులు తాము ఎరిగిన ఉత్సవాలను కావ్యాలలో వర్ణించి పెట్టారు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణంలో శ్రీశైల శివరాత్రి ఉత్సవాన్ని వర్ణించాడు. అక్కడ ప్రమథుల పురాతన చరిత్రలను నాటకాలుగా ఆడేవారు ఉన్నారు. గడలమీద ఆడేవారు ఉన్నారు. తెరచాటున బొమ్మలను నిలిపి భారతాది కథలను ఆడించేవారు ఉన్నారు. సూత్రాలు లాగి బొమ్మలను ఆడించేవారూ ఉన్నారు. నాటి కళాకారుల పేర్లు ఏవీ మనకు మిగలలేదు. కాని ఒక కవి కన్నులు విప్పి చూచి వ్రాయడంవలన, తోలుబొమ్మలాట ఆనాటికే తెలుగునాట ప్రచారంలో ఉన్నదని చెప్పడానికి మనకు ఆధారం దొరికింది. వ్రాయనివాడు లేకపోతే ఆ బొమ్మలవారు ఆడనట్లే లెక్క.

వినుకొండ వల్లభరాయని పేరిట ప్రసిద్ధమైన క్రీడాభిరామం ఇంకొక మెట్టు ముందుకు వెళ్ళింది. దశరూపకాలలో ఒకటైన 'వీథి' అనే ప్రక్రియకు చెందిన రచన ఇది. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామం దీనికి మూలం. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీథులలో తిరుగుతూ కనబడిన వేడుకలన్నింటినీ చూస్తారు. జక్కుల పురంధ్రి పాట వింటారు. పలనాటి వీరుల కథాగానం వింటారు. మైలారదేవుని భటుల సాహసకృత్యాలు, కోడిపందెం, పొట్టేళ్ళపోరు చూస్తారు. ఊరక చూడరు, చూచినదానిమీద వ్యాఖ్యానిస్తారు. మెచ్చుతారు, హాస్యమాడుతారు, ఆశ్చర్యపడుతారు. ఇద్దరు స్నేహితులు ఉత్సవంలో తిరుగుతూ మాట్లాడుకొన్న మాటలే ఒక కాలపు కళాచరిత్ర అయినవి.

ఒక్కొక్క కళకు ఒక్కొక్క దృష్టి

ఉత్సవంలో పలు కళలు ప్రదర్శింపబడినప్పుడు సమీక్షకుడు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఇది: "ఈ కళ ఏమి చేయదలచింది?" ఆ లక్ష్యాన్ని బట్టి దానిని కొలవాలి.

పద్యనాటకాన్ని చూద్దాం. నెల్లూరు నాటకరంగ చరిత్రలో వేదం వేంకటరాయశాస్త్రి పేరు ముఖ్యమైనది. ఆయన 1899లో నెల్లూరులో ఆంధ్ర భాషాభిమాని సమాజాన్ని స్థాపించి నాటకాలు ఆడించాడు. 'ప్రతాపరుద్రీయం' నాటకంలో రాజులు, మంత్రులు ఒక విధంగాను, చాకలి మొదలైన సామాన్యులు తమ పలుకుబడిలోను మాట్లాడుతారు. సంస్కృత నాటకాలలో ప్రాకృతం ఉన్నట్లే తెలుగు నాటకంలోను పాత్రకు తగిన భాష ఉండాలని ఆయన వాదించాడు. దీనినే 'పాత్రోచిత భాష' అంటారు. కనుక నాటకాన్ని సమీక్షించేవారు పాత్రకు భాష అతికినదా అని తప్పక చూడాలి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలలో రాయబార ఘట్టం, బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను పల్లె జనానికి కంఠస్థమైనవి. కథ అందరికీ తెలిసినదే గనుక ఇక్కడ "తరువాత ఏమి జరుగుతుంది?" అనే కుతూహలానికి తావులేదు. "ఈ నటుడు ఎట్లా పలుకుతాడు?" అన్నదే ఆసక్తి. రాగాలాపన పద్యభావాన్ని వెలిగించిందా, కప్పివేసిందా అన్నది పద్యనాటక సమీక్షలో మొదటి ప్రశ్న. పద్యం ముగిసిన తరువాత రెండు నిమిషాలు రాగం తీసినవానికి ఈలలు రావచ్చు. కాని ప్రతి పదమూ చివరి వరుసలోని అవ్వకు వినబడేటట్లు పలికినవాడు అంతకంటె గొప్ప పని చేసినవాడు.

హరికథకు కొలమానం వేరు. కాళ్ళకు గజ్జెలు, చేత చిడతలు, మెడలో పూలదండ ధరించిన ఒక్క వ్యక్తి అన్ని పాత్రలూ తానే అవుతాడు. ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) ఈ కళకు గొప్ప గౌరవం తెచ్చాడు. సంగీతం, సాహిత్యం, నృత్యం, అభినయం ఒక్కరిలో సమకూడాలి. ప్రసిద్ధ గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తండ్రి శ్రీపతి పండితారాధ్యుల సాంబమూర్తి నెల్లూరులో పేరుపొందిన హరికథకులు. హరికథలో పిట్టకథ ఉంటుంది. నవ్వించడానికి చెప్పే ఆ పిట్టకథ తిరిగి ప్రధాన కథను చేరుకొన్నదా, దారి తప్పిందా అని సమీక్షకుడు గమనించాలి.

బుర్రకథలో ముగ్గురు ఉంటారు. తంబుర మీటుతూ, వ్రేళ్ళ అందెలు మ్రోగిస్తూ కథకుడు నడుమ నిలుస్తాడు. గుమ్మెటలు వాయించే ఇద్దరు వంతలలో ఒకరు హాస్యం చెబుతారు; మరొకరు లోకంలోని వర్తమాన విషయాలను ఎత్తిచూపుతారు. షేక్ నాజర్ (1920–1997) ఈ కళను ప్రజల గొంతుగా మార్చి 1986లో పద్మశ్రీ అందుకొన్నాడు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను ఊరూరా తిప్పింది. ముగ్గురి మధ్య లయ తప్పకుండా మాట అందుకోవడమే ఈ కళకు ప్రాణం. కథకుడు ఒక్కడే రాణించి వంతలు వెలవెలబోతే అది మంచి బుర్రకథ కాదు.

తోలుబొమ్మలాటలో నటుని ముఖం కనబడదు. రంగులు వేసిన తోలు, తెర, దాని వెనుక వెలుగు, ఆడించేవాని గొంతు - ఇవే సాధనాలు. రాముడు, రావణుడు గంభీరంగా నడుస్తుండగా నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క దూరి ఊరి సంగతులు మాట్లాడుతారు. వారి హాస్యం ఒక్కొక్కసారి మోటుగా తోచవచ్చు. అయితే ఆ మోటుదనం కళలో భాగమా, ఈలల కోసం అదనంగా చేర్చినదా అని ఆలోచించిన తరువాతనే తీర్పు చెప్పాలి.

సురభి నాటకాలకు ఈ ప్రాంతంతో పొరుగు సంబంధం ఉన్నది. వెలిగొండలకు ఆవలి కడప సీమలోని సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు బృందం 'కీచకవధ' ఆడింది. తోలుబొమ్మలాటతో అనుబంధం కలిగిన కుటుంబాలవారు బొమ్మలకు బదులు తామే రంగస్థలం ఎక్కారు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించారు. రంగాలంకరణ, మాయాదృశ్యాలు వారి ప్రత్యేకత. సురభి నాటకంలో తెరల కూర్పు, దృశ్యాల మార్పు గూర్చి వ్రాయకపోతే సమీక్ష సగమే అవుతుంది. అదే కొలమానాన్ని రెండు కుర్చీలతో ఆడే సాంఘిక నాటికకు వర్తింపజేస్తే అన్యాయమవుతుంది. పూర్వపు నెల్లూరు జిల్లాలోని సూళ్ళూరుపేట ప్రాంతంలో 1921లో జన్మించిన ఆచార్య ఆత్రేయ వ్రాసిన 'ఎన్.జి.ఓ.' వంటి నాటకాలలో అలంకరణకు పని తక్కువ. చాలీచాలని జీతంతో నలిగే గుమాస్తా మాటలోని వాస్తవికతే అక్కడ ముఖ్యం.

కాటమరాజు కథ ఈ మెట్టసీమకు సొంతమైన వీరగాథ. కరవు కాలంలో కాటమరాజు ఆలమందలను నెల్లూరు రాజు నల్లసిద్ధి బీళ్ళకు తోలుకొని వస్తాడు. పచ్చికకు ఈయవలసిన పుల్లరి విషయంలో తగవు పెరిగి యుద్ధమవుతుంది. ఖడ్గ తిక్కన ఆ పోరులోనే మరణించాడని సంప్రదాయం చెబుతుంది. ఈ కథలను తంగిరాల వెంకట సుబ్బారావు సేకరించి పరిష్కరించాడు. ఇటువంటి గాథను వినేటప్పుడు శ్రుతి ఒక్కటే చూస్తే చాలదు. పచ్చిక కోసం, నీటి కోసం పడిన పాట్లు పశువులు మేపుకొని బ్రదికేవారికి పాత కథలు కావు. ఈ కథ ఎవరి జ్ఞాపకం, ఎవరి ముందు పాడుతున్నారు, విన్నవారు ఏ ఘట్టంలో కన్నీరు పెట్టారు అన్నవి సమీక్షలో చేరవలసిన అంశాలు.

ప్రదర్శన లోకాన్ని కదిలించినప్పుడు

కొన్ని ప్రదర్శనల విలువ రంగస్థలంమీద తేలదు. ప్రదర్శన ముగిసిన తరువాత తేలుతుంది. ఇందుకు రెండు ఉదాహరణలు చాలు. రెండూ ఈ కొండల చుట్టుపట్ల నడిచినవే.

మొదటిది పదహారవ శతాబ్ది తొలి సంవత్సరాల నాటిది. మాచుపల్లి కైఫీయతులో ఈ వృత్తాంతం ఉన్నది. సిద్ధవటం సీమను సమ్మెట గురవరాజు అనేవాడు ఏలుతూ, ధనం కోసం ప్రజలను, స్త్రీలను కూడ క్రూరంగా హింసించేవాడు. ఆ దారిన వెళ్ళిన కూచిపూడి భాగవతులు ఆ ఘోరాన్ని చూచారు. విజయనగరం చేరి వీరనరసింహరాయల ఎదుట ప్రదర్శన ఇచ్చే అవకాశం పొందారు. పురాణకథకు బదులు ఆ హింసనే వేషం కట్టి ఆడారు. ఒకడు గురవరాజు అయినాడు, ఒకరు హింస ననుభవించే స్త్రీ అయినారు. రాయలకు విషయం అర్థమైంది. సైన్యాన్ని పంపి గురవరాజును శిక్షించాడు. అర్జీ వ్రాయలేని ప్రజల పక్షాన కళాకారులు అభినయంతో అర్జీ పెట్టుకొన్నారు. తరువాత కొద్ది కాలానికే, 1514లో, శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గాన్ని గజపతుల నుండి జయించాడు. ఆయన సంస్కృతంలో రచించిన 'జాంబవతీ కల్యాణం' విరూపాక్షస్వామి వసంతోత్సవంలో ప్రదర్శించడానికి ఉద్దేశించిన నాటకం. రాజుల ఉత్సవాలలో నాటకానికి ఉన్న గౌరవం దీనివలన తెలుస్తుంది.

రెండవది మన కాలానికి చెందినది. 1991 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగింది. ప్రజలను రాత్రి బడులకు రప్పించడానికి కళాజాతాలు పల్లెలు తిరిగాయి. పాటలు, చిన్న నాటికలు ప్రదర్శించాయి. వాటికి తెరలు లేవు, కిరీటాలు లేవు, వీథే రంగస్థలం. కొత్తగా చదువు నేర్చినవారి వాచకంలో సారాకు బలైన కుటుంబం గూర్చిన 'సీతమ్మ కథ' ఉన్నది. పాటలో విన్నదీ, పుస్తకంలో చదివినదీ, ఇంటిలో అనుభవిస్తున్నదీ ఒక్కటేనని స్త్రీలు గుర్తించారు. ఉదయగిరి ప్రాంతంలో, కలిగిరి మండలంలోని దూబగుంట గ్రామ స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతటా మారుమ్రోగింది. 1992లో ఉద్యమం ఇతర జిల్లాలకు వ్యాపించింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధింపబడింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దానిని సడలించారు.

ఈ ఉద్యమానికి కళాజాతాలే కారణమని చెప్పడం అతిశయోక్తి. కూలి డబ్బు సారాకు ఆవిరి కావడం, ఇంటిలోని హింస, అక్షరాస్యత, స్త్రీల ఐకమత్యం - ఇవన్నీ కలిసి దానిని నడిపించాయి. అయితే మనస్సులో అణగిన మాటకు ఆ పాటలు, నాటికలు ధైర్యమిచ్చాయి. ఆనాడు ఎవరైనా ఆ నాటికను చూచి "నటనలో పరిణతి లేదు, దీపాలు సరిగా లేవు" అని మాత్రమే వ్రాసి ఉంటే అది నిజమే కావచ్చు. కాని ముఖ్యమైనదానిని చూడని సమీక్ష అవుతుంది. భాగవతులు రాజును కదిలించారు. కళాజాతాలు రాజుకోసం ఎదురుచూడని స్త్రీలను కదిలించాయి. భరతుడు చెప్పిన 'అభ్యుత్థానం', అనగా ప్రేక్షకుడు లేచి నిలబడటం, దూబగుంటలో ఇంకొక అర్థాన్ని పొందింది.

సమీక్షకుని బాధ్యత

కళకు ఇంత శక్తి ఉన్నప్పుడు దానిని గూర్చి చెప్పే మాటకూ బాధ్యత ఉంటుంది. కాళ్ళకూరి నారాయణరావు 'చింతామణి' నాటకం ఇందుకు తగిన ఉదాహరణ. వేశ్యాలోలత్వంవలన కలిగే అనర్థాలను చూపడానికి ఆయన ఆ నాటకం వ్రాశాడు. కాలక్రమాన ప్రదర్శనలలో సుబ్బిశెట్టి పాత్రకు మోటు హాస్యం పెంచారు. ఒక సామాజిక వర్గాన్ని కించపరుస్తున్నదని అభ్యంతరాలు వచ్చాయి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. నిషేధంతో తమ జీవనోపాధి పోతుందని కళాకారులు వాపోయారు. ఒకవైపు మనస్సు నొచ్చుకొన్న ప్రజలు, మరొకవైపు ఉపాధి కోల్పోయిన నటులు. కవి వ్రాసినది ఏది, రంగస్థలంపై చేర్చినది ఏది అని వేరుచేసి చెప్పే సమీక్షలు ఊరూరా ఎప్పటికప్పుడు వచ్చి ఉంటే ఆ చేర్పులు ముందే సరిదిద్దుకొనే అవకాశం ఉండేది. దోషాన్ని సకాలంలో, సౌమ్యంగా చెప్పడం కళకు మేలు చేస్తుంది.

సమీక్ష వ్రాయదలచిన విద్యార్థి కొన్ని నియమాలు పాటించాలి. ఏ ఊరిలో, ఏ సందర్భంలో, ఏ బృందం, ఏ ప్రదర్శన ఇచ్చిందో మొదట వ్రాయాలి. కథను రెండు మూడు వాక్యాలకు మించి చెప్పరాదు. ప్రదర్శనను చివరిదాకా చూడకుండా వ్రాయరాదు. "నటన బాగున్నది" అన్న వాక్యంవలన పాఠకునికి ఏమీ తెలియదు. "చంద్రమతి పాత్రధారిణి బిడ్డ శవాన్ని దించేటప్పుడు ఏడుపు ఆపి ఒక్క క్షణం నిలబడింది, అప్పటిదాకా మాట్లాడుకొంటున్న పిల్లలు కూడ మౌనం వహించారు" అన్న వాక్యంలో నటనా ఉన్నది, ప్రేక్షకుని స్పందనా ఉన్నది. గుణమైనా దోషమైనా ఇట్లా దృష్టాంతంతో చెప్పాలి.

నటుని రూపాన్ని, కులాన్ని, వయస్సును, పేదరికాన్ని గూర్చి పరిహాసం చేయరాదు. పగలు కూలికి వెళ్ళి రాత్రి వేషం కట్టినవానిని, జీవితమంతా నాటకానికే అంకితమైనవానిని ఒకే త్రాసులో తూచరాదు. అట్లాగని జాలిపడి లోపాన్ని దాచనూ రాదు. పాఠం రానివానికి పాఠం రాలేదని చెప్పడమే అతని కళకు ఇచ్చే గౌరవం. తనకు తెలియని విషయంలో, భరతుడు చెప్పినట్లు, తెలిసినవానిని అడగాలి. తాళం తప్పిందో లేదో డోలు వాయించే తాతకు తెలుస్తుంది. ఆయనే ఆ విషయంలో ప్రాశ్నికుడు.

ముగింపు

నగరంలో జరిగే నాటకాన్ని చూచి వ్రాయడానికి పత్రికలు ఉన్నాయి. చిత్రించడానికి కెమెరాలు ఉన్నాయి. ఇప్పుడు పల్లెలలోను చేతిఫోనుతో చిత్రించేవారు ఉన్నారు. అయితే ఫోను నటుని మాత్రమే పట్టుకొంటుంది. చలిలో దుప్పటి కప్పుకొని తెల్లవారుదాకా కూర్చున్న ముసలామె ఏ పద్యానికి కన్ను తుడుచుకొన్నదో, ఎందుకు తుడుచుకొన్నదో అది చెప్పలేదు. ఆ ప్రక్కన కూర్చున్న మనిషే చెప్పాలి.

ఉదయగిరి కొండ క్రింద, ఆత్మకూరు వీథులలో, దుత్తలూరు, కలిగిరి, అనంతసాగరం పల్లెలలో ఏటా ఎన్నో రాత్రులు ఎందరో కళాకారులు గజ్జె కడుతున్నారు. శ్రీశైలంలో బొమ్మలు ఆడించినవారికి ఒక సోమనాథుడు దొరికాడు. ఈ కళాకారులకు ఎవరు దొరుకుతారు? ఆ ఊరి కళాశాలలో చదివే విద్యార్థే దొరకాలి. అతడు వ్రాసిన ఒక్క పుట రేపటి పరిశోధకునికి ఆధారం అవుతుంది. నేటి కళాకారునికి తన శ్రమను ఒకరు శ్రద్ధగా చూచారన్న తృప్తినిస్తుంది.

కఠిన పదాలు - అర్థాలు

ప్రాశ్నికుడు = ప్రదర్శనలోని గుణదోషాలను పరీక్షించేవాడు
సిద్ధి = సాఫల్యం
ఘాతం = దెబ్బ, విఘ్నం
ఉత్పాతం = ఉపద్రవం
సహృదయత = కళాకారుని భావాన్ని తన హృదయంతో అనుభవించగల గుణం
పుల్లరి = పశువులను మేపుకొన్నందుకు చెల్లించే పన్ను
కైఫీయతు = గ్రామ వృత్తాంతం
అభ్యుత్థానం = లేచి నిలబడటం

ప్రశ్నలు

1. భరతముని చెప్పిన రెండు విధాల సిద్ధులను వివరించండి.
2. హరికథ, బుర్రకథ, తోలుబొమ్మలాటలను సమీక్షించేటప్పుడు గమనించవలసిన అంశాలేవి?
3. సిద్ధవటం, దూబగుంట సంఘటనల మధ్యగల పోలికను, భేదాన్ని తెలపండి.
4. 'పాత్రోచిత భాష' అనగానేమి? దానిని ఎవరు సమర్థించారు?
5. మీ ఊరి ఉత్సవంలో మీరు చూచిన ఒక ప్రదర్శనను గూర్చి సమీక్ష వ్రాయండి.